ముసలి నక్షత్రం ఆర్ద్ర కాదు, స్వాతి

2019 చివరి నెలల్లో ఆర్ద్రా నక్షత్రం మసకబారడం మొదలైనప్పుడు, ఆ సంగతిని కనిపించినవారందరికీ ఉత్సాహంగా చెప్పుకొచ్చినవారిలో నేనూ ఒకణ్ణి. ప్రపంచమంతా బెటెల్‌జ్యూస్ అని పిలిచే ఆ నక్షత్రం మామూలుగా ఆకాశంలో బాగా వెలిగే మొదటి పది పన్నెండు నక్షత్రాల్లో ఒకటి. 2020 ఫిబ్రవరి నాటికి దాని వెలుగు మామూలులో దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ఏ పరికరమూ లేకుండా, పక్కనున్న నక్షత్రాలతో పోల్చి చూస్తే చాలు, తేడా కంటికే తెలిసేది. "వయసు మళ్ళిన నక్షత్రం, ఇక రేపో మాపో పేలిపోతుంది" అని అప్పట్లో చాలామంది అన్నారు, నేనూ అన్నాను. ఆ తరువాత ఆ నక్షత్రం మళ్ళీ వెలుగు పుంజుకుంది. అది తన ఒంట్లోంచి కక్కిన వాయువు చల్లారి ధూళిగా మారి మన చూపుకు అడ్డం వచ్చిందని, దాని ఉపరితలంలో కొంత భాగం చల్లబడడం కూడా తోడైందని పరిశోధకులు తేల్చారు. దాని పేలుడుకు ఇంకా లక్ష ఏళ్ళ వరకూ పట్టవచ్చునని కూడా చెప్పారు.

నా జోస్యం తప్పినందుకు నాకు పెద్దగా బాధ లేదు. ఆ వాక్యంలో నన్ను ఈనాటికీ ఇబ్బంది పెట్టేది "రేపో మాపో" అన్న మాట కూడా కాదు, "వయసు మళ్ళిన" అన్న మాట. ఎందుకంటే ఆర్ద్ర వయసు మళ్ళినది కాదు. కంటికి కనిపించే నక్షత్రాల్లో నిజంగా ముసలిదైన ఒక మహాతారను, అంటే జీవితం చివరి దశలో ఉబ్బిపోయిన నక్షత్రాన్ని, చూపించమంటే నేను ఇప్పుడు ఆర్ద్ర వైపు చేయి చాపను, స్వాతి వైపు చాపుతాను. ఇది కేవలం మాటల పట్టింపు కాదని, ఏ నక్షత్రాన్ని ముసలిదంటున్నామో అన్నదాన్ని బట్టి నక్షత్రాల జీవితాన్ని మనం అర్థం చేసుకునే తీరే మారిపోతుందని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. ఆర్ద్ర పుట్టి 80 లక్షల ఏళ్ళ నుంచి కోటి ఏళ్ళ దాకా అయి ఉంటుందని అంచనా. భూమి మీద డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్ళయింది, అంటే అవి తలెత్తి చూసిన ఆకాశంలో ఆర్ద్ర అనేదే లేదు. మన సూర్యుడికి 457 కోట్ల ఏళ్ళు. స్వాతి వయసును లెక్కగట్టినవారు 600 కోట్ల నుంచి 850 కోట్ల ఏళ్ళ మధ్య చెబుతున్నారు, సుమారు 700 కోట్లు అనుకుందాం. ఒక కోటి ఏళ్ళ కాలాన్ని ముప్పయ్యారు రోజులుగా కుదిస్తే స్వాతి డెబ్బయ్యేళ్ళ మనిషి, సూర్యుడు నలభై ఆరేళ్ళవాడు, ఆర్ద్ర అయిదు వారాల పసిగుడ్డు. ఆ పసిగుడ్డునే మనం ఇన్నాళ్ళుగా ముసలిది, ముసలిది అంటున్నాం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు, అది న్యాయమైన ఆక్షేపణే. నక్షత్రం ఎన్నేళ్ళు బతికిందన్నది కాదు, తన జీవితంలో ఎంత భాగం గడిపేసిందన్నది చూడాలి కదా, ఈగకు నెల రోజులంటే వార్ధక్యమే కదా అంటారు. నిజమే. అయితే తెలుగులో మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి వయసు మీరడం, రెండోది ఆయువు తీరడం. ఆర్ద్రకు ఆయువు తీరవస్తోంది, వయసు మాత్రం మీరలేదు. స్వాతికి వయసు మీరింది, ఆయువూ చివరి అంకంలోనే ఉంది. ఈ రెంటినీ ఒకే మాటతో కట్టేస్తే, ఒకటి ఎందుకు అంత త్వరగా ముగుస్తోందో, మరొకటి ఎందుకు అంతకాలం నిలిచిందో అన్న అసలు ప్రశ్నే కనుమరుగైపోతుంది.

ఆ ప్రశ్నకు జవాబు పుట్టుకలోనే ఉంది. ఆర్ద్ర సూర్యుడికి పదిహేను ఇరవై రెట్ల ద్రవ్యరాశితో పుట్టింది. బరువు పెరిగినకొద్దీ నక్షత్ర గర్భంలో ఒత్తిడీ ఉష్ణోగ్రతా పెరుగుతాయి, వాటితోపాటు హైడ్రోజన్ హీలియంగా మారే వేగం మరీ విపరీతంగా పెరుగుతుంది. ఆస్తి పదిహేను రెట్లు, ఖర్చు పదుల వేల రెట్లు అయిన సంసారం ఎన్నాళ్ళు నడుస్తుందో అదీ అన్నాళ్ళే నడుస్తుంది. స్వాతి అలా కాదు. దాని ద్రవ్యరాశి దాదాపు సూర్యుడంతే, పది శాతం ఎక్కువ ఉంటే ఉండవచ్చు. వందల కోట్ల ఏళ్ళపాటు అది కూడా మన సూర్యుడిలాగే ఏ ప్రత్యేకతా లేని ఒక పసుపు నక్షత్రంగా బతికింది.

స్వాతిని ఇంతవరకు చూడనివారి కోసం దాని ఆనవాలు చెబుతాను. సప్తర్షి మండలం గరిటె ఆకారంలో ఉంటుంది కదా. ఆ గరిటె కాడ వంపును అదే వంపుతో ముందుకు సాగనిస్తే, నారింజ రంగులో మెరిసే ఒక పెద్ద చుక్క దగ్గరికి చేరుకుంటాం. అదే స్వాతి, పాశ్చాత్యుల పేరుతో ఆర్క్ట్యూరస్. అదే వంపులో ఇంకా ముందుకు పోతే తెల్లగా ఉండే చిత్రా నక్షత్రం వస్తుంది కాబట్టి, రంగు చూసుకుంటే పొరబడే అవకాశం ఉండదు. ఏప్రిల్ నెలలో స్వాతి దాదాపు రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. సిరియస్, కానోపస్, ఆల్ఫా సెంటారీల తరువాత రాత్రి ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం అదే, ఖగోళ ఉత్తరార్ధంలోనైతే దానిదే మొదటి స్థానం, అభిజిత్తు వెంట్రుకవాసిలో వెనకబడింది. 1635లో ఫ్రాన్సు దేశస్థుడు జాన్ బప్టిస్ట్ మోరాన్ టెలిస్కోపుతో దీన్ని పట్టపగలే చూశాడు. స్వాతి చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందని కవులు చెప్పిన నక్షత్రం ఇదేనని తెలిశాక కూడా, దానిని ఆకాశంలో ఏనాడూ వెతకనివాళ్ళే నాకు ఎక్కువగా తారసపడ్డారు. పేరు నోటికి వచ్చి, చుక్క కంటికి తెలియకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఇప్పుడు నా వాదనకు ముఖ్యమైన భాగానికి వస్తాను. వృద్ధ నక్షత్రాల గురించి ఎక్కడ చదివినా "ఇంధనం అయిపోయింది", "మరణశయ్య మీద ఉంది" అనే మాటలు కనిపిస్తాయి. ఆ మాటలు నమ్మి స్వాతిని చూసినవాడికి ఒక సందేహం రావాలి. ఇంధనం అయిపోయిన నక్షత్రం అంత ధగధగా ఎలా వెలుగుతోంది? దానికి మనవాళ్ళు వెంటనే "ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ" అనే సామెత చెబుతారు. సామెత బాగానే ఉంది గానీ ఇక్కడ పనికిరాదు. ఆరిపోయే దీపం ఒక్క క్షణం ఎగసి ఆరిపోతుంది. సూర్యుడంత నక్షత్రం మహాతారగా ఉబ్బుతూ పోయే దశ కోట్ల కొద్దీ ఏళ్ళు సాగుతుంది, ఆ వెలుగు ఆఖరి మెరుపు కాదు, ఒక కొత్త రకం కాపురం.

లోపల జరుగుతున్నది ఇది. నక్షత్రం నడిబొడ్డున హైడ్రోజన్ మొత్తం హీలియంగా మారిపోయాక, అక్కడ మిగిలిన హీలియం ఇంకా మండే వేడికి చేరుకోలేదు కాబట్టి అది బూడిద కుప్పలా ఉండిపోతుంది. వేడిని పుట్టించడం ఆగిపోయిన ఆ గర్భం పైనున్న బరువును మోయలేక కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయేకొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడికి, దాని చుట్టూ ఉన్న పొరలో ఇంకా తాజాగా మిగిలివున్న హైడ్రోజన్ మునుపటికంటే ఉధృతంగా మండడం మొదలుపెడుతుంది. మనకు తెలిసిన నుడికారం నివురుగప్పిన నిప్పు. స్వాతి గర్భంలో ఉన్నది అందుకు తలకిందులు, నిప్పు కప్పిన నివురు. మండే పొర తయారుచేసిన హీలియం లోపలి కుప్పలోనే పడుతుంది, కుప్ప బరువెక్కి ఇంకా కుంచించుకుపోతుంది, పొర ఇంకా జోరుగా మండుతుంది. లోపల ఇలా బిగుసుకుపోతున్నకొద్దీ బయటి పొరలు ఉబ్బిపోయి పల్చబడి చల్లబడతాయి. నక్షత్రం మొత్తంగా వెలుగు పెంచుకుంటూనే రంగులో ఎర్రబారడానికి కారణం ఇదే. ఇంధనం అయిపోయింది నడిమధ్యన మాత్రమే. బతుకు బయటి అరుగు మీదికి మారింది, అంతే.

ఆ ఉబ్బు ఎంతో చెప్పకుండా ముందుకు పోలేను. స్వాతి వ్యాసం సూర్యుడికి సుమారు 25 రెట్లు, వెలుగు సుమారు 170 రెట్లు, ఉపరితల ఉష్ణోగ్రత మాత్రం సూర్యుడి 5,770 కెల్విన్లకు బదులు 4,290 కెల్విన్లు. ఒక సూర్యుడంత పదార్థాన్నే పదిహేను వేల రెట్లు పెద్దదైన గోళంలో పరిచారు కాబట్టి, దాని సగటు సాంద్రత మనం పీల్చే గాలి సాంద్రతలో పదో వంతు కూడా ఉండదు. ఉపరితలం మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానిలో ఇరవయ్యో వంతు. గాలికన్నా పల్చనైన ఆ నారింజ పొగ మధ్యలో, భూమికి కొన్ని రెట్లు మాత్రమే పెద్దదిగా, ఊహకందనంత గట్టిగా బిగుసుకుపోయిన హీలియం ముద్ద ఉంటుంది. మహాతార అనగానే మనకు తోచే స్థూలకాయం ఒక రకంగా భ్రమ. పైకి కనిపించేది దుప్పటి, నక్షత్రం చరిత్ర నడుస్తున్నది ఆ ముద్దలో.

సూర్యుడి స్థానంలో స్వాతిని పెడితే అది బుధుడి కక్ష్యను కూడా తాకదు. అయినా మన ఆకాశంలో 13 డిగ్రీల మేర పరుచుకుంటుంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఆకాశంలో కప్పేది సుమారు 10 డిగ్రీలు, స్వాతి బింబం ఆ పిడికిలికి రెండు పక్కలా బయటికి వచ్చేంత ఉంటుందన్నమాట. ఇది ఊహాచిత్రం కాదు, సూర్యుడు ఒకనాటికి నిజంగానే దాటవలసిన మజిలీ. మరో 500 కోట్ల ఏళ్ళకు సూర్యగర్భంలో హైడ్రోజన్ అయిపోతుంది, ఆ తరువాత సూర్యుడూ ఈ మెట్లే ఎక్కుతాడు, చివరి మెట్టు మీద వ్యాసంలో 200 రెట్లు, వెలుగులో రెండు వేల రెట్లు మించిపోతాడు. అప్పటిదాకా భూమి మీద ఎవరూ ఆగి చూసే పని లేదు, ఎందుకంటే సూర్యుడి వెలుగు ప్రతి 100 కోట్ల ఏళ్ళకూ సుమారు పది శాతం చొప్పున పెరుగుతూనే ఉంది కాబట్టి, మొదటి 100 కోట్ల ఏళ్ళు గడిచేసరికే సముద్రాలకు కష్టకాలం మొదలవుతుంది. ఆర్ద్రను చూసి సూర్యుడి భవిష్యత్తు అనుకునేవాళ్ళు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. సూర్యుడు ఎన్నటికీ ఆర్ద్ర కాలేడు, అతనికి అంత బరువు లేదు. సూర్యుడి ముసలితనం ఎలా ఉంటుందో చూడాలనుకుంటే చూడవలసింది 37 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ స్వాతినే.

ఇక్కడ నా వాదనను నేనే కొంచెం తగ్గించుకోవాలి. స్వాతి సూర్యుడి కవల కాదు. దానిలో ఇనుము పాలు సూర్యుడిలో ఉన్నదానిలో మూడో వంతు మాత్రమే. ఇనుము వంటి లోహాలు తక్కువగా ఉన్న నక్షత్రం అదే బరువున్న మరో నక్షత్రం కన్నా కొంచెం త్వరగా మండిపోతుంది, అందుకే సూర్యుడు సుమారు 1,200 కోట్ల ఏళ్ళ వయసులో చేరుకోబోయే దశకు స్వాతి ఎంతో ముందుగానే చేరుకుంది. దాని గర్భంలో హీలియం ఇంకా అంటుకోలేదన్నది ఎక్కువమంది అభిప్రాయమైనా, ఆ ఘట్టం దాటిపోయి రెండోసారి ఉబ్బుతోందనే వాదన కూడా ఉంది. దాని వయసు కూడా ఎవరో పుట్టినరోజు రాసిపెట్టగా తెలిసింది కాదు. వెలుగు, వేడి, కూర్పు కొలిచి, వాటిని నక్షత్ర నమూనాలతో పోల్చి రాబట్టినది, నేను పైన ఇచ్చిన అంకెల మధ్య అంత దూరం అందుకే ఉంది. ఆ దూరంలో ఏ చివర తీసుకున్నా అది సూర్యుడికన్నా పెద్దదే.

ఆర్ద్ర పక్షం వహించేవారి దగ్గర ఇంకో బలమైన మాట ఉంది. ఆర్ద్ర పేలినప్పుడు ఆక్సిజన్, మెగ్నీషియం, సిలికాన్ వంటివి అంతరిక్షంలో వెదజల్లబడతాయి, మనం పీల్చే ఆక్సిజన్ అలాంటి పేలుళ్ళ నుంచే వచ్చింది, కాబట్టి చూడవలసిన ముసలితనం అదేనంటారు. ఆ పేలుళ్ళ విలువను నేను కాదనను. అయితే ఆ విలువ ఎక్కడ కనిపిస్తుందో చూడండి. స్వాతిలో ఇనుము తక్కువ అన్నాను కదా, ఆ ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం, సిలికాన్ వంటివి మాత్రం సూర్యుడిలోకన్నా ఎక్కువ పాళ్ళలో ఉన్నాయి. భారీ నక్షత్రాలు పుట్టిన కొద్ది కాలానికే పేలిపోయి ఆ మూలకాలను వెంటనే వెదజల్లుతాయి, ఇనుమును పెద్ద ఎత్తున అందించే తెల్ల మరుగుజ్జు నక్షత్రాల (సూర్యుడి వంటి నక్షత్రాలు చివరికి మిగిల్చే గట్టి ముద్దల) పేలుళ్ళకు చాలా ఎక్కువ కాలం పడుతుంది. అంటే స్వాతి పుట్టిన నాటికి పాలపుంతలో మొదటి రకం పేలుళ్ళు చాలా జరిగిపోయాయి, రెండో రకానివి ఇంకా పుంజుకోలేదు. ఏడు వందల కోట్ల ఏళ్ళ కిందట పేలిపోయిన ఎన్నో ఆర్ద్రల బూడిద స్వాతి ఒంట్లో ఉంది, దాని వర్ణపటంలో, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసి చూస్తే, ఆ లెక్క చదవవచ్చు. జరగబోయే ఒక పేలుడు కోసం కాచుకు కూర్చోవడం కన్నా, జరిగిపోయిన పేలుళ్ళన్నిటినీ గుర్తుపెట్టుకున్న ముసలిదాన్ని అడగడం మేలని నాకు అనిపిస్తుంది.

స్వాతి నడక కూడా ఈ కథనే చెబుతుంది. నక్షత్రాలు ఒకదానితో ఒకటి పోలిస్తే కదలవని, ఆకాశానికి అతికించినట్టు ఉంటాయని వేల ఏళ్ళు మనుషులు నమ్మారు. 1718లో ఇంగ్లండు ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ, ప్రాచీన గ్రీకుల పట్టికల్లో ఉన్న స్థానాలను తన కాలపు స్థానాలతో పోల్చి, సిరియస్, స్వాతి, రోహిణి నక్షత్రాలు తమ తావుల నుంచి జరిగాయని గమనించాడు. స్వాతి ఏడాదికి 2.28 ఆర్క్‌సెకన్ల (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను) చొప్పున జరుగుతుంది, అంటే చందమామ వెడల్పంత దూరం జరగడానికి సుమారు ఎనిమిది వందల ఏళ్ళు పడుతుంది. ప్రాచీన నక్షత్ర పట్టిక రాసిన టాలెమీ కాలం నుంచి హేలీ కాలం వరకు అది ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీ జరిగిపోయింది. ప్రకాశవంతమైన నక్షత్రాల్లో ఇంత వడిగా కదిలేవి బహు తక్కువ. ఈ వడికి కారణం అది మనకు దగ్గరగా ఉండడం ఒక్కటే కాదు. సూర్యుడూ దాని ఇరుగుపొరుగు నక్షత్రాలూ పాలపుంత కేంద్రం చుట్టూ ఒకే ప్రవాహంలో సాగిపోతుంటే, స్వాతి ఆ ప్రవాహంలో బాగా వెనకబడి, దానికి అడ్డంగా, మనతో పోలిస్తే సెకనుకు 122 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది. పాలపుంత పళ్ళెంలో పాత తరం నక్షత్రాలు ఎక్కువగా ఉండే మందపాటి పొరకు చెందినది కాబట్టే దాని దారి ఇలా వేరు. ఇంకో నాలుగు వేల ఏళ్ళకు మనకు అతి దగ్గరగా వస్తుంది, అదీ ఇప్పటికన్నా కొంచెం మాత్రమే దగ్గర. తరువాత దూరమైపోతూ, పది లక్షల ఏళ్ళకు కంటికి ఆనీ ఆనని చుక్కగా మిగులుతుంది. ఒక ముసలి బాటసారి మన వాకిట్లోంచి నడిచిపోతుండగా, సరిగ్గా గుమ్మం ముందుకు వచ్చిన సమయంలో మనం కళ్ళు తెరిచాం.

1933లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనను ఈ స్వాతి వెలుగుతోనే ప్రారంభించారు. యెర్కీస్ వంటి కొన్ని వేధశాలల్లో టెలిస్కోపులకు ఫోటోసెల్స్ అమర్చి, నక్షత్రకాంతి వాటిపై పడగానే పుట్టిన విద్యుత్తును తీగల మీద పంపించి, ప్రదర్శన దీపాలను వెలిగించారు. ఎంపికకు కారణం ఏమిటంటే, స్వాతి 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని అప్పట్లో అనుకునేవారు, అదే ఊరిలో అంతకుముందు ప్రపంచ ప్రదర్శన జరిగింది 1893లో, కాబట్టి ఆ నాడు బయలుదేరిన వెలుగే ఈ నాటికి చేరుతుందని లెక్క వేశారు. ఇప్పటి కొలతల ప్రకారం దూరం 36.7 కాంతి సంవత్సరాలు, ఆ వెలుగు బయలుదేరింది 1896 ప్రాంతంలో. లెక్క మూడేళ్ళు తప్పింది, దీపాలు మాత్రం వెలిగాయి. పేలుడు లేకుండా, మసకబారకుండా, ఒక నక్షత్రం వార్త కావడం నాకు తెలిసి బహు అరుదు, బహుశా అందుకే ఈ కథ నాకు ఇష్టం.

ఆ మధ్య ఒక రాత్రి ఒక మిత్రుడికి స్వాతిని చూపించి ఇదంతా ఇంచుమించు ఇలాగే చెప్పాను. ఓపికగా విన్నాడు. "అయితే ఇది ఎప్పుడు పేలుతుంది?" అని అడిగాడు. పేలదన్నాను. బయటి పొరలను మెల్లగా వదులుకుని, లోపలి ముద్ద భూమంత తెల్ల మరుగుజ్జుగా మిగిలి, కోట్ల కోట్ల ఏళ్ళపాటు చల్లారుతూ ఉంటుందని చెప్పాను. అతను కాసేపు ఆ నారింజ చుక్కనే చూసి, "మరి ఆర్ద్ర ఎటువైపు?" అన్నాడు. అది అప్పటికే అస్తమించిందని చెప్పాను.